సామాజిక మాధ్యమాలు – ఎన్నికల ప్రచారం (భారతదేశం, తెలుగు రాష్ట్రాలు)

నిర్వచనం, పరిధి

ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ (2023 జులై వరకు ట్విట్టర్), టెలిగ్రామ్, షేర్‌చాట్ వంటి వేదికలపై పార్టీలు, అభ్యర్థులు, వారి అభిమానులు ఓటరును ఉద్దేశించి సాగించే ప్రచారాన్ని సామాజిక మాధ్యమ ప్రచారం అంటారు. డబ్బు కట్టి వేయించే ప్రకటనలు, పార్టీ అధికారిక ఖాతాల పోస్టులు, కార్యకర్తలు గ్రూపుల్లో తిప్పే ఫార్వర్డులు, జీతానికో అభిమానంతోనో నడిచే పేజీలు, మీమ్‌లు, పాటలు, యూట్యూబ్ చర్చలు అన్నీ దీని కిందికే వస్తాయి. పార్టీ యాప్‌లు, రికార్డు చేసిన గొంతుతో వచ్చే ఐవీఆర్‌ఎస్ కాల్స్, మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లు సాంకేతికంగా వేరు. అయితే వాటన్నిటినీ ఒకే బృందం, ఒకే ఫోన్ నంబర్ల జాబితాతో నడిపిస్తుంది కాబట్టి ఈ వ్యాసంలో వాటినీ కలిపే చూశాం.

పూర్వరంగం

తెలుగు ప్రాంతంలో ప్రచారమంటే చాలాకాలం గోడరాతలు, కరపత్రాలు, బుర్రకథలు, మైకు కట్టిన జీపులు, ఆటోలు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఎన్.టి. రామారావు పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్చి రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. 1990లలో టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ప్రవర్తన నియమావళిని కఠినంగా అమలుచేయడంతో గోడరాతలు, మైకుల హోరు తగ్గాయి. ఆ తర్వాతి కాలం ఫ్లెక్సీలది, ప్రైవేటు టీవీ చానెళ్లది.

ఓటరు ఫోన్‌ను ప్రచార సాధనంగా పెద్దయెత్తున వాడిన తొలి సందర్భాల్లో 2004 లోక్‌సభ ఎన్నికలు ఒకటి. అప్పటి ప్రధాని వాజపేయి రికార్డు చేసిన గొంతు ఆ ఎన్నికల్లో ఫోన్లు మోగించి పలకరించింది. ఇవాళ్టి డిజిటల్ ప్రకటనల నియంత్రణకు పునాది కూడా ఆ ఎన్నికల వేళే, హైదరాబాదులోనే పడింది. కేబుల్ టీవీలో రాజకీయ ప్రకటనలను నిషేధించే నిబంధనను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2004 మార్చిలో పక్కనపెట్టింది. కేంద్ర సమాచార ప్రసార శాఖ సుప్రీంకోర్టుకు వెళ్లింది. జెమినీ టీవీ పేరుతో నమోదైన ఆ కేసులో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న ప్రకటనలకు దారి విడుస్తూనే, ప్రసారానికి ముందు ధ్రువీకరణ పొందాలని ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో నేడు పనిచేస్తున్న మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీలకు (ఎంసీఎంసీ) మూలం ఆ ఉత్తర్వే. (చూ. నియంత్రణ)

చరిత్ర

ఆరంభ దశ (2008–2014). 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో బరాక్ ఒబామా బృందం ఇంటర్నెట్ ద్వారా చిన్న మొత్తాల్లో విరాళాలు సేకరించి, స్వచ్ఛంద కార్యకర్తలను కూడగట్టింది. ఇతర దేశాల పార్టీలకు అది నమూనా అయింది. భారతదేశంలో 2009లో నరేంద్ర మోదీ, శశి థరూర్ ట్విట్టర్‌లో చేరారు. 2011లో అన్నా హజారే అవినీతి వ్యతిరేక ఉద్యమం ఫేస్‌బుక్ పేజీలను, మిస్డ్ కాల్‌ను జనసమీకరణకు వాడింది. తెలుగునాట అదే కాలంలో ప్రత్యేక తెలంగాణ, సమైక్యాంధ్ర ఉద్యమాలు ఫేస్‌బుక్‌లో ఎదురెదురుగా నిలిచాయి. అమెరికా, గల్ఫ్ దేశాల్లోని తెలుగువారు ఊళ్లో జరిగే రాజకీయంలో రోజువారీగా పాల్గొనడం అక్కడే మొదలైంది.

2014 లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీ ‘చాయ్ పే చర్చా’లు, 3డీ హోలోగ్రామ్ సభలు, సోషల్ మీడియా ఒకే ప్రణాళిక కింద నడిచాయి. ఎన్నికల వ్యూహకర్త ప్రశాంత్ కిశోర్ బృందం పేరు దేశానికి తెలిసింది అప్పుడే.

విస్తరణ దశ (2014–2019). పెద్ద మార్పు తెచ్చింది రాజకీయ పార్టీ కాదు, డేటా ధర. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాక ఒక జీబీకి వందల్లో ఉన్న ధర కొద్ది కాలంలోనే పదుల్లోకి, ఆ తర్వాత ఇంకా కిందికి దిగింది. అక్షరాలు చదవడం ఇబ్బందైన ఓటరు కూడా వీడియో చూసి, వాయిస్ మెసేజ్ పంపగలిగే స్థితి వచ్చింది. దాంతో ప్రచారం ఇంగ్లిషు ట్విట్టర్ నుంచి తెలుగు వాట్సాప్, యూట్యూబ్‌లకు మళ్లింది. 2017 జులైలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీలో జగన్ మోహన్ రెడ్డి ప్రశాంత్ కిశోర్‌ను పార్టీ శ్రేణులకు పరిచయం చేశారు. ఆయన సంస్థ ఐప్యాక్ 2019 ఎన్నికల దాకా ఆ పార్టీకి పనిచేసింది. 2017 నవంబరు 6 నుంచి 2019 జనవరి 9 వరకు సాగిన 3,648 కిలోమీటర్ల ప్రజాసంకల్ప యాత్ర ఈ దశకు మంచి ఉదాహరణ. నడక పాత పద్ధతి. ఆ నడకలో రోజూ పుట్టే చిన్న చిన్న వీడియోలను ముక్కలుగా చేసి ప్రతి మండలానికీ పంపడం కొత్త పద్ధతి. 2023 జనవరి 27న కుప్పంలో మొదలైన నారా లోకేశ్ యువగళం యాత్ర కూడా ఇదే తీరులో సాగింది.

స్థిరపడిన దశ (2019 తర్వాత). ప్రతి ప్రధాన పార్టీకీ సొంత డిజిటల్ విభాగం ఏర్పడింది. తెలుగుదేశానికి ఐ-టీడీపీ, జనసేనకు శతఘ్ని అలాంటివే. సలహా సంస్థలు కూడా మామూలైపోయాయి. 2023లో తెలంగాణ కాంగ్రెస్‌కు సునీల్ కనుగోలు బృందం, 2024లో తెలుగుదేశానికి రాబిన్ శర్మ నేతృత్వంలోని షోటైమ్ కన్సల్టింగ్ పనిచేశాయి. ఐప్యాక్ 2024లోనూ వైఎస్సార్ కాంగ్రెస్‌తోనే ఉంది.

పనిచేసే తీరు

నంబర్ల సేకరణ. డిజిటల్ ప్రచారానికి ముడిసరుకు ఫోన్ నంబరు. దాన్ని రాబట్టే అత్యంత చౌక సాధనం మిస్డ్ కాల్. ఓటరు ఒక నంబరుకు రింగ్ ఇస్తాడు, అది ఒకసారి మోగి కట్ అవుతుంది, ఓటరుకు పైసా ఖర్చు లేదు, పార్టీకి మాత్రం పనిచేస్తున్న ఒక నంబరు, అది తమవైపు మొగ్గిన మనిషిదన్న సమాచారం రెండూ దొరుకుతాయి. 2023 ఏప్రిల్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ నడిపిన ‘జగనన్నే మా భవిష్యత్తు’ కార్యక్రమంలో ‘గృహసారథులు’ అనే పార్టీ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగి, గృహస్థు ఒప్పుకుంటే తలుపుకు ఒకటి, ఫోన్ వెనుక ఒకటి స్టిక్కర్ అంటించి, అక్కడే నిలబడి మిస్డ్ కాల్ ఇప్పించుకునేవారు. తలుపు మీది స్టిక్కర్ పాత ప్రచారం, ఫోన్ మీది స్టిక్కర్, మిస్డ్ కాల్ కొత్తవి. మూడూ ఒకే కార్యకర్త చేతి మీదుగా, ఒకే నిమిషంలో జరిగేవి. సామాజిక మాధ్యమం కార్యకర్తను తప్పించిందన్న సాధారణ అభిప్రాయం ఈ ఉదాహరణ ముందు నిలవదు.

నంబర్ల సేకరణ వివాదాలకూ దారితీసింది. 2019 మార్చిలో, ఎన్నికలకు నెల రోజుల ముందు, తెలుగుదేశం ‘సేవామిత్ర’ యాప్‌ను రూపొందించిన హైదరాబాదు సంస్థ వద్ద ఓటర్ల వివరాలు అక్రమంగా ఉన్నాయన్న ఫిర్యాదుపై సైబరాబాద్ పోలీసులు కేసు నమోదు చేశారు. తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. తెలుగుదేశం ఆరోపణలను తోసిపుచ్చి, తమ పార్టీ సమాచారాన్నే ప్రత్యర్థులకు చేరవేశారని ఎదురు ఆరోపించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తనవైపు నుంచీ దర్యాప్తు బృందాలను ఏర్పాటు చేసింది. ఒక పార్టీ దగ్గరున్న ఓటరు జాబితా కోసం రెండు రాష్ట్రాల పోలీసులు తలపడిన సందర్భం ఇది.

గ్రూపుల నిచ్చెన. పార్టీ కేంద్ర కార్యాలయంలోని వార్ రూమ్ రోజుకో అంశాన్ని నిర్ణయిస్తుంది. దానికి తగ్గ పోస్టరు, చిన్న వీడియో, రెండు మూడు వాక్యాల వ్యాఖ్య తయారవుతాయి. అవి జిల్లా గ్రూపుకు, అక్కడి నుంచి నియోజకవర్గ, మండల, గ్రామ గ్రూపులకు, చివరికి బూత్ గ్రూపుకు దిగుతాయి. తెలుగుదేశంలో క్లస్టర్, యూనిట్, బూత్ కమిటీల వరుస ఈ నిచ్చెనకూ పనికొచ్చింది. బూత్ గ్రూపు దాటాక సందేశం కుటుంబ గ్రూపులోకో, పదో తరగతి బ్యాచ్ గ్రూపులోకో, కుల సంఘం గ్రూపులోకో వెళ్తుంది. దాని బలమంతా ఆ చివరి మెట్టులోనే ఉంది. అక్కడ అది పార్టీ పంపిన సందేశం కాదు, బావ పంపిన సందేశం.

కరపత్రానికీ ఫార్వర్డుకూ చట్టరీత్యా ఉన్న తేడా ఇక్కడే కనిపిస్తుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండి తీరాలి. చేతులు మారిన ఫార్వర్డు మీద ఏ పేరూ ఉండదు. ఎన్నికల చట్టం రెండు విషయాలను ముందే అనుకుని రాసింది: ప్రచారానికి ఒక కర్త ఉంటాడు, దానికి ఒక గడువు ఉంటుంది. సామాజిక మాధ్యమాలు ఈ రెంటినీ సడలించాయి. మిగతా మార్పుల్లో చాలావరకు దీనికి కొనసాగింపే.

ప్రకటనలు. ఫేస్‌బుక్, గూగుల్‌లలో ప్రాంతం, వయసు వంటి వాటిని బట్టి వేర్వేరు ఓటర్లకు వేర్వేరు ప్రకటనలు చూపవచ్చు. బహిరంగ సభలో నాయకుడు అందరికీ వినపడేలా ఒకే మాట చెప్పాలి. ఇక్కడ ఆ అవసరం లేదు. 2019 ఫిబ్రవరి నుంచి ఫేస్‌బుక్ భారతదేశంలో రాజకీయ ప్రకటనలను బహిరంగ భాండారంలో పెడుతోంది. గూగుల్ కూడా అదే ఏడాది అలాంటి ఏర్పాటు చేసింది. ట్విట్టర్ 2019 నవంబరులో రాజకీయ ప్రకటనలను నిషేధించి, యాజమాన్యం మారాక 2023లో తిరిగి అనుమతించింది. పార్టీతో సంబంధం చెప్పుకోని పేజీలు ఆ పార్టీకి అనుకూలంగా వేయించే ప్రకటనలను ‘ముసుగు ప్రకటనలు’ అంటారు. వీటి ఖర్చు ఏ అభ్యర్థి లెక్కలోనూ పడదు. 2022 మార్చిలో ది రిపోర్టర్స్ కలెక్టివ్ ప్రచురించిన పరిశోధన కథనాలు ఈ ధోరణిపై చర్చ లేవదీశాయి.

ప్రధాన రూపాలు

పాటలు, రీళ్లు. తెలుగు రాజకీయాల్లో పాటకున్న చోటు పాతదే. మారింది నిడివి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ ‘రావాలి జగన్ కావాలి జగన్’ యూట్యూబ్‌లో మోగింది. 2023లో బీఆర్‌ఎస్ ‘రామక్క’ పాట ఇన్‌స్టాగ్రామ్ రీళ్ల ద్వారా పార్టీ సరిహద్దు దాటి, పార్టీతో పనిలేనివాళ్లు కూడా పెళ్లి బరాత్‌లలో ఆడుకునే పాటయింది. అయినా ఆ ఎన్నికల్లో బీఆర్‌ఎస్ ఓడింది. పాట నచ్చడం వేరు, ఓటు వేరు.

యూట్యూబ్ విశ్లేషకులు, చానెళ్లు. తెలుగులో పత్రికలు, టీవీ చానెళ్లకు పార్టీ ముద్రలు ఏనాడో పడ్డాయి. ‘పచ్చ మీడియా’, ‘నీలి మీడియా’ అన్న మాటలు వాడుకలో స్థిరపడ్డాయి. యూట్యూబ్ ఈ విభజనను చెరపలేదు, చిన్న పెట్టుబడితో దాన్ని ఇంకా వందల ముక్కలు చేసింది. చానెల్ నడిపినవారే అభ్యర్థులు కావడమూ జరిగింది. క్యూ న్యూస్ యూట్యూబ్ చానెల్ నడిపిన తీన్మార్ మల్లన్న (చింతపండు నవీన్) 2021లో వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల శాసనమండలి స్థానంలో స్వతంత్రుడిగా రెండో స్థానంలో నిలిచారు. 2024 ఉప ఎన్నికలో అదే స్థానం నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు.

పార్టీ లేని అభ్యర్థి: కొల్లాపూర్, 2023. ఎంత చదివినా ఉద్యోగ నోటిఫికేషన్లు రావడం లేదని, అందుకే బర్రెలు కాసుకుంటున్నానని చెప్పిన చిన్న వీడియోతో కర్నె శిరీష ‘బర్రెలక్క’గా పేరుపొందారు. 2023 నవంబరు తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో ఆమె నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ నుంచి ఈల గుర్తుపై స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. పుదుచ్చేరి మాజీ మంత్రి మల్లాడి కృష్ణారావు లక్ష రూపాయలు విరాళమిచ్చారు. ప్రచారంలో ఆమె తమ్ముడిపై దాడి జరిగాక, భద్రత కల్పించాలని హైకోర్టు ఆదేశించింది. రెండు రాష్ట్రాల యూట్యూబ్ చానెళ్లన్నీ కొల్లాపూర్‌లో దిగాయి. ఫలితం: 5,754 ఓట్లు, నాలుగో స్థానం. పార్టీ, డబ్బు, బూత్ ఏజెంట్లు లేని ఒక యువతికి అన్ని ఓట్లు రావడం ఈ మాధ్యమం లేకుంటే జరిగేది కాదు. ఆమె పేరు విన్న లక్షల మందిలో ఎక్కువమంది కొల్లాపూర్ ఓటర్లు కారు. సామాజిక మాధ్యమ ప్రచారం బలాన్నీ హద్దునూ ఒకేచోట చూపే ఇంత స్పష్టమైన ఉదాహరణ తెలుగునాట మరొకటి కనిపించదు.

ట్రోలింగ్. ప్రత్యర్థులను, వారి కుటుంబ సభ్యులను, ముఖ్యంగా మహిళలను లక్ష్యంగా చేసుకునే అసభ్య పోస్టులు అన్ని పక్షాల నుంచీ వచ్చాయి. డబ్బుకు పోస్టులు పెడతారన్న ఎద్దేవాతో ‘పేటీఎం బ్యాచ్’ అన్న మాట పుట్టింది. మొదట వైఎస్సార్ కాంగ్రెస్ మద్దతుదారులపై ప్రయోగించినా, ఇప్పుడు ఎవరు ఎవరినైనా అనే మాటగా మారింది.

అబద్ధపు సమాచారం, కృత్రిమ మేధ

భారత ఎన్నికల్లో డీప్‌ఫేక్ ప్రస్తావన 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ బీజేపీ నాయకుడు మనోజ్ తివారీ వీడియోతో మొదలైంది. ఆయన మాట్లాడిన ఒక వీడియోను ఆయన పార్టీయే హరియాన్వీ, ఇంగ్లిషుల్లోకి మార్పించి వాట్సాప్‌లో తిప్పింది. 2023 నవంబరు 30న తెలంగాణలో పోలింగ్ జరుగుతుండగా, బీఆర్‌ఎస్ నాయకుడు కె.టి. రామారావు కాంగ్రెస్‌కు ఓటేయమంటున్నట్టు తయారైన కొద్ది సెకన్ల వీడియో తిరిగింది.

అయితే ఎక్కువ అలజడి రేపింది కృత్రిమ మేధ కాదు, కత్తిరింపు. 2023 ఏప్రిల్ 23న చేవెళ్ల సభలో అమిత్ షా ముస్లిం రిజర్వేషన్ల తొలగింపు గురించి మాట్లాడారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లనే తీసేస్తామన్నట్టు ఆ ప్రసంగాన్ని కత్తిరించి అతికించిన వీడియో ఏడాది తర్వాత, 2024 లోక్‌సభ ఎన్నికల మధ్యలో బయటికొచ్చింది. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి, అప్పుడు పీసీసీ అధ్యక్షుడు కూడా అయిన తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి నోటీసు ఇచ్చారు. ఆ వీడియో పంచిన ఖాతాతో తనకు సంబంధం లేదని ఆయన పక్షం సమాధానమిచ్చింది.

ఏది అబద్ధం, ఏది వ్యాఖ్యానం అన్న గీత గీయడం ప్రతిసారీ సులభం కాదు. 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో భూ యాజమాన్య హక్కుల చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) దీనికి ఉదాహరణ. భూములకు రక్షణ పోతుందని ప్రతిపక్షాలు సభల్లో, ఐవీఆర్‌ఎస్ కాల్స్‌లో, రీళ్లలో ఒకేసారి హోరెత్తించాయి. పట్టాదారు పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ బొమ్మ ఉన్న ఫొటో ఒక్కటే ఊళ్లలో చాలా వాదన చేసింది. ఇది దుష్ప్రచారమని వైఎస్సార్ కాంగ్రెస్ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. కొత్త ప్రభుత్వం 2024 జులైలో ఆ చట్టాన్ని రద్దు చేసింది.

నిజనిర్ధారణ రంగంలో హైదరాబాదు కేంద్రంగా ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ తెలుగులో పనిచేస్తున్నాయి. 2024 మార్చిలో మొదలైన డీప్‌ఫేక్ పరిశీలన వాట్సాప్ సేవలో ఇంగ్లిషు, హిందీ, తమిళాలతో పాటు తెలుగుకూ చోటు దక్కింది.

నియంత్రణ

ఎన్నికల సంఘం సూచనలు. 2013 అక్టోబరు 25 నాటి ఉత్తర్వుతో ప్రవర్తన నియమావళిని సామాజిక మాధ్యమాలకూ వర్తింపజేశారు. అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చే 26వ నమూనా అఫిడవిట్‌లో తమ ఖాతాల వివరాలు చెప్పాలి, ప్రకటనలకు ఎంసీఎంసీ ధ్రువీకరణ తీసుకోవాలి, ఖర్చును లెక్కలో చూపాలి. 2022 జనవరి సవరణ ప్రకారం పెద్ద రాష్ట్రాల్లో అభ్యర్థి వ్యయ పరిమితి లోక్‌సభకు 95 లక్షలు, శాసనసభకు 40 లక్షల రూపాయలు. పార్టీల ఖర్చుకు పరిమితి లేదు. కాబట్టి డిజిటల్ వ్యయం పార్టీ ఖాతాలోకో, ఏ ఖాతాలోనూ లేని పేజీలకో చేరడానికి దారి తెరిచే ఉంది.

నిశ్శబ్ద వ్యవధి. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు ప్రచారం ఆగాలి. మైకులు ఆగుతాయి, ఫార్వర్డులు ఆగవు. 2019 మార్చిలో ప్రధాన వేదికలు స్వచ్ఛంద నియమావళికి ఒప్పుకుని, ఈ వ్యవధిలో ఎన్నికల సంఘం చూపిన ఉల్లంఘనలపై 3 గంటల్లో చర్య తీసుకుంటామన్నాయి.

వేదికల సొంత మార్పులు. వదంతుల వల్ల జరిగిన మూకదాడుల నేపథ్యంలో వాట్సాప్ 2018 జులైలో భారత్‌లో ఫార్వర్డును ఒకసారికి 5 చాట్‌లకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్‌లో ఎన్నో చేతులు మారిన సందేశాలను ఒకసారికి ఒక్క చాట్‌కే కుదించింది. సందేశాలు సంకేతరూపంలో భద్రంగా ఉంటాయి కనుక లోపలి విషయాన్ని సంస్థ చూడలేదు. మొదట పంపిందెవరో చెప్పాలన్న 2021 ఐటీ నిబంధనను వాట్సాప్ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది.

పోలీసు కేసులు. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో, ఆన్‌లైన్ పోస్టులపై అరెస్టులకు వీలిచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టివేసింది. అయినా పోస్టులపై అరెస్టులు ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో తెలుగుదేశం హయాంలో వ్యంగ్య పేజీ నిర్వాహకుడి అరెస్టు, 2020లో వైఎస్సార్ కాంగ్రెస్ హయాంలో పోస్టులపై కేసులు, 2024 చివర్లో తెలుగుదేశం నేతృత్వంలోని కూటమి ప్రభుత్వంలో వరుస అరెస్టులు వివాదాస్పదమయ్యాయి. తెలంగాణలో 2022 డిసెంబరులో హైదరాబాదులోని కాంగ్రెస్ వార్ రూమ్‌పై పోలీసులు దాడి చేశారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు భావప్రకటన స్వేచ్ఛ, అధికారంలో ఉన్నప్పుడు అసభ్య పోస్టుల నియంత్రణ: ఈ రెండు వాదనలనూ దాదాపు ప్రతి పార్టీ తన వంతు వచ్చినప్పుడు వినిపించింది.

కృత్రిమ మేధపై సూచనలు. తప్పుదోవ పట్టించే కల్పిత వీడియోలను తమ దృష్టికి వచ్చిన 3 గంటల్లో తొలగించాలని ఎన్నికల సంఘం 2024 మే 6న పార్టీలను ఆదేశించింది. కృత్రిమంగా తయారైన ప్రచార సామగ్రిపై ఆ సంగతి రాయాలని 2025 జనవరిలో చెప్పింది.

ప్రభావంపై అంచనాలు

సామాజిక మాధ్యమమే ఎన్నికలను గెలిపిస్తుందన్న మాటకు ఆధారం బలహీనం. 2019 లోక్‌సభ ఎన్నికలపై సీఎస్‌డీఎస్ లోక్‌నీతి నివేదిక, వీటిని ఎక్కువగా వాడేవారిలో బీజేపీకి కొంత మొగ్గు కనిపించినా, ఆ మొగ్గు లేకపోయినా ఫలితం మారేది కాదని అంచనా వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఐప్యాక్ పనిచేసిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175 స్థానాల్లో 2019లో 151 వచ్చాయి, 2024లో 11 వచ్చాయి. సలహా సంస్థ, పద్ధతులు రెండుసార్లూ దాదాపు అవే.

స్పష్టంగా మారినవి వేరే ఉన్నాయి. ప్రచారం ఎన్నికల నోటిఫికేషన్‌తో మొదలై పోలింగ్‌తో ముగిసేది కాకుండా ఐదేళ్లూ నడుస్తోంది. అభ్యర్థి ఎంపికకు ముందే సలహా సంస్థల సర్వేలు వస్తున్నాయి, దాంతో మండల నాయకుడి మాట విలువ తగ్గింది. ప్రవాసులు ఓటు లేకుండానే ప్రచారకులయ్యారు. 2024 మే 13 పోలింగ్‌కు హైదరాబాదు, బెంగళూరుల నుంచి ఆంధ్రప్రదేశ్ ఓటర్లు పెద్దసంఖ్యలో సొంతూళ్లకు కదిలారు. హైదరాబాద్–విజయవాడ రహదారి కిక్కిరిసింది. ఊరికి రమ్మన్న పిలుపులు రోజుల తరబడి గ్రూపుల్లో తిరిగాయి. ఆ కదలికలో వాటి పాత్ర ఎంత, పండగకు వచ్చినట్టు ఓటుకూ వచ్చే అలవాటు పాత్ర ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం.

ఇతర దేశాలు

2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో 8.7 కోట్ల మంది ఫేస్‌బుక్ ఖాతాదారుల సమాచారం బయటికి పోయి ఉండవచ్చని ఫేస్‌బుక్ ఒప్పుకుంది. అందులో భారతీయుల సంఖ్య సుమారు 5.62 లక్షలు. రొమేనియా రాజ్యాంగ న్యాయస్థానం 2024 డిసెంబరు 6న అధ్యక్ష ఎన్నిక తొలి విడతను రద్దు చేసింది. టిక్‌టాక్‌లో ఒక అభ్యర్థికి అనుకూలంగా జరిగిన ప్రచారంపై వచ్చిన ఆరోపణలు దానికి ప్రధాన నేపథ్యం. రాజకీయ ప్రకటనల పారదర్శకతపై ఐరోపా సమాఖ్య చట్టం 2025 అక్టోబరు 10 నుంచి పూర్తిగా అమల్లోకి రావడంతో మెటా, గూగుల్ అక్కడ రాజకీయ ప్రకటనలనే నిలిపివేశాయి. భారతదేశంలో ఆన్‌లైన్ రాజకీయ ప్రకటనలకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఎన్నికల సంఘం సూచనలు, ఐటీ చట్టం, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే వర్తిస్తున్నాయి.